రింగు గ్యాప్ ఎటు పెట్టాలో చెప్పగలరా?

మెకానికల్ బీటెక్ అవ్వగానే చాలామంది దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక కోర్సుకు ఫీజు కట్టేస్తారు. కోర్ ఉద్యోగాలు తక్కువ కదా అంటారు. నిజమే. కానీ ఉన్న ఆ కొన్నింటికైనా మీరు సిద్ధమేనా? పిస్టన్‌కు రింగులు ఎలా ఎక్కించాలో చెప్పండి చూద్దాం.

కారు పిస్టన్‌కు సాధారణంగా మూడు రింగులు. పై రెండూ గ్యాస్ కిందికి జారకుండా చూస్తాయి, మూడోది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకుతుంది. రింగు మీద చుక్కో, అక్షరమో ఉంటే అది పైకి ఉండాలి. రెండో రింగు తలకిందులైతే ఆయిల్ పైకెక్కి మండుతుంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. గ్యాప్‌లన్నీ ఒకే వరసలో ఉండకూడదు. చాలా ఇంజిన్లలో 120 డిగ్రీల ఎడంతో పెడతారు. కచ్చితమైన చోటు ఏదన్నది ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే. బిగించే ముందు రింగును సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో గ్యాప్ కొలవాలి. మరీ తక్కువుంటే వేడికి కొసలు ఒరుసుకుని గోడ గీసుకుపోతుంది.

ఇదంతా ఒక్కసారి చేత్తో చేసినవాళ్లు ఇంటర్వ్యూలో ‘ఎందుకలా?’ అని అడిగితే తడబడరు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎల్‌బీనగర్. ఆ చుట్టుపక్కల ఇంజిన్ పని చేసే షెడ్డు వెతకండి. ‘అన్నా, వారం రోజులు పని నేర్చుకుంటా’ అని అడగండి. ఎలా చేయాలో ఆయన చూపిస్తాడు, ఎందుకో మీ పుస్తకంలో ఉంది. కోర్సు ఫీజు ఆ తర్వాత కట్టొచ్చు.