వారానికి ఇరవై గంటలు!

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న అబ్బాయి యూనివర్సిటీ క్యాంటీన్‌లో పళ్లాలు కడుగుతున్నాడంటే ఇక్కడ అమ్మానాన్నలు గర్వంగా చెప్పుకొంటారు. 'వాడి ఖర్చులు వాడే చూసుకుంటున్నాడు' అని చుట్టాలూ మెచ్చుకుంటారు. అదే అబ్బాయి డిగ్రీ రోజుల్లో, సాయంత్రం పూట హిందూపురం బజారులో మందుల షాపులో పనిచేస్తానంటే మాత్రం... 'మనకంత ఖర్మేం పట్టింది? బుద్ధిగా చదువుకో, చాలు' అనేసి ఉంటారు. పని ఒకటే. ఊరే మారింది!

నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు పెద్దలకు ఉన్నా, పిల్లలు పనులు చేస్తూనే ఉన్నారు. కొందరు ఇంట్లో చెప్పి, కొందరు చెప్పకుండా. అంచేత చదువుతూ పని చేయొచ్చా లేదా అన్న చర్చ ఎప్పుడో పాతబడిపోయింది. ఏ పని, ఎన్ని గంటలు అన్నదే ఇప్పుడు ఇంటింటా తేల్చుకోవాల్సిన సంగతి.

ఎన్ని గంటలన్న దానికి విదేశాల్లో చట్టమే సమాధానం చెబుతుంది. అమెరికాలో స్టూడెంట్ వీసా మీద చదివేవారు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అదీ క్యాంపస్‌లోనే. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసాకే ఎసరు. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులకూ ఇదే 20 గంటల హద్దు. కెనడా 2024 నవంబరులో దాన్ని 24 గంటలు చేసింది. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకు 48 గంటలు. వచ్చింది చదువుకోవడానికి కాబట్టి, పని చదువును మింగకూడదన్నదే ఈ హద్దుల వెనక ఉన్న ఉద్దేశం.

మన కాలేజీ పిల్లలకు అలాంటి హద్దేమీ లేదు. నాలుగు గంటలు చేసినా అడిగేవారు లేరు, పన్నెండు గంటలు చేసినా అడిగేవారు లేరు. అందుకే ఆ లెక్క ఇంట్లోనే వేసుకోవాలి.

వారాలబ్బాయిల వారసులు

పనిచేసుకుంటూ చదువుకోవడం తెలుగువాళ్లకు కొత్తా? కాదు. రోజుకో ఇంట్లో భోజనం కుదుర్చుకుని, ఆ ఇళ్లలో చిన్నాచితకా పనులు చేసిపెడుతూ 'వారాలు' చేసుకుని చదివినవాళ్లు మన పెద్దల్లో ఎందరో. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో ఘంటసాల జోలె పట్టి మధుకరం ఎత్తి కడుపు నింపుకొన్నారు. 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచి గెలిచిన ఎన్టీఆర్ చదువుకునే రోజుల్లో విజయవాడ హోటళ్లకు పాలు పోసేవారని ఆయన జీవిత విశేషాలు రాసినవాళ్లు చెబుతారు. పాలు పోసినా, జోలె పట్టినా వాళ్ల చదువు ఆగలేదు. ఆ పనులకు ఉన్న సుగుణం అదే. పొద్దునో, సాయంత్రమో కాసేపు. మిగిలిన రోజంతా చదువుదే.

ఇప్పటి పనుల్ని కూడా ఆ కొలతతోనే చూడాలి. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గంలో వరసగా తగిలే ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో ఇవి మూడూ పేరున్న పట్టణాలే. కానీ చదువుకునే పిల్లలకు ఒక్కో ఊరు ఒక్కో తరహా పని చూపిస్తుంది.

ధర్మవరం: చీరల లెక్క

పట్టుచీరల ఊళ్లో పని వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మగ్గం చుట్టూ బోలెడు పనులు. కండెలు చుట్టడం, నేసిన చీరకు కుచ్చులు వేయడం, మడతలు పెట్టడం, దుకాణాల్లో లెక్కలు రాయడం... కాస్త కంప్యూటర్ వచ్చినవాళ్లు జకార్డు మగ్గాలకు డిజైన్లు గీయడం. ఫోన్ వచ్చాక మరో పని పుట్టింది. చీర ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం, ఆర్డర్లు రాసుకోవడం, పార్సిళ్లు కట్టి పంపడం. కామర్స్ చదివే పిల్లలకు ఇదొక ప్రాక్టికల్ క్లాసే. కొన్నదెంత, అమ్మిందెంత, తిరిగొచ్చిన సరుకెంత అన్నది పుస్తకంలో కన్నా ఇక్కడే బాగా వంటబడుతుంది.

కుచ్చుల వంటి పనుల్లో సౌకర్యం ఏమిటంటే కూలి చీర లెక్కన వస్తుంది, గంటల లెక్కన కాదు. పరీక్షలున్న వారం ఒప్పుకోకుండా ఉండొచ్చు. ఆడపిల్లలు చీకటిపడ్డాక బయటికి వెళ్లాల్సిన అవసరమూ రాదు.

ఇబ్బందీ ఉంది. శ్రావణం, మాఘం వంటి పెళ్లిళ్ల మాసాల్లో పని ఒక్కసారిగా మీద పడుతుంది. ఇంకొక చిక్కు... ఇంటి మగ్గం దగ్గర చేసే పనిని ఎవరూ 'పని'గా లెక్కపెట్టరు. కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి రాత్రి పది దాకా కండెలు చుట్టినా 'ఇంట్లోనేగా ఉంటుంది' అనే అంటారు. రోజుకు నాలుగు గంటలు చుట్టితే వారానికి 28. అమెరికా హద్దు కూడా దాటిపోయింది! ఇంటి పనైనా సరే, గంటలు లెక్కలోకి రావాల్సిందే.

పెనుకొండ: షిఫ్టు లెక్క

విజయనగర రాజులకు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా నిలిచిన పెనుకొండ, ఇప్పుడు కార్ల పేరుతో దేశమంతా తెలిసింది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎర్రమంచి దగ్గర ఏటా మూడు లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ లేచింది. 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. దాని వెంటే విడిభాగాల కంపెనీలు, వాటి వెంట గోదాములు, క్యాంటీన్లు, లారీలు, బస్సులు.

ఇలాంటి పారిశ్రామికవాడల్లో కాంట్రాక్టర్ల ద్వారా హెల్పర్ల పని దొరుకుతుంది. నెల తిరిగేసరికి డబ్బు ఖాతాలో పడుతుంది. డిగ్రీ రెండో ఏడాది కుర్రాడికి అంతకన్నా ఆశ పుట్టించేది ఏముంటుంది? 'కొన్నాళ్లు చేసి మానేస్తా, పరీక్షలకు ఎలాగూ వెళ్తా' అనుకుంటాడు.

ఇక్కడే కాగితం, పెన్సిలు తీసుకోవాలి. వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల నిద్రకు 56. కాలేజీ రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజులకు 36. రానుపోను ప్రయాణం 12. స్నానం, తిండి, ఇంటి పనులకు రోజుకు మూడు గంటల వంతున 21. మొత్తం 125. మిగిలింది 43 గంటలు. ఇందులో 20 గంటలు పనికి ఇస్తే చదువుకోవడానికి 23 ఉంటాయి. అంటే రోజుకు మూడు గంటల పైమాటే. ఇది చక్కగా సరిపోయే లెక్క.

అదే ఫ్యాక్టరీ షిఫ్టయితే? ఎనిమిది గంటలు, ఆరు రోజులు. మొత్తం 48. ఉన్నవి 43. చదవడానికి ఒక్క గంటా మిగలకపోగా, ఇంకో అయిదు గంటలు నిద్రలోంచో క్లాసులోంచో కోసుకోవాలి. ఫ్యాక్టరీకి వెళ్లొచ్చే సమయం దీనికి అదనం. రాత్రి షిఫ్టు చేసి పొద్దున క్లాసులో కూర్చున్నవాడు హాజరు పట్టీలో ఉంటాడు గానీ పాఠంలో ఉండడు. కొన్నాళ్లకు హాజరు పట్టీలోనూ ఉండడు. 75 శాతం హాజరు తగ్గితే పరీక్ష ఫీజు కట్టేటప్పుడే కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గరా తంటానే. చివరికి ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టవుతుంది. పట్టా లేదు కాబట్టి హెల్పర్‌గానే ఉండాలి. పట్టా ఉన్న తోటివాడు రెండేళ్ల తర్వాత అదే గేటులోంచి సూపర్‌వైజర్‌గా లోపలికొస్తాడు.

అలాగని ఫ్యాక్టరీ పని తప్పు కాదు. దాన్ని పార్ట్‌టైమ్ అనుకోవడమే తప్పు. ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు చేస్తే పర్వాలేదు. పద్దెనిమిదేళ్లు నిండాలి, జీతం చీటీ తీసుకోవాలి, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు అడిగి రాసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.

హిందూపురం: బజారు లెక్క

చింతపండు, ఎండుమిర్చి మండీలు, పట్టుగూళ్ల మార్కెట్, శివార్లలో తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు... హిందూపురంలో పనికి కొదవ లేదు. చదువుకునే పిల్లలకు అచ్చొచ్చేవి మాత్రం బజారు పనులే. బట్టల దుకాణం, మందుల షాపు, జిరాక్స్, డీటీపీ సెంటర్, మండీలో చిట్టాలు రాయడం. ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాల్లో వడ్డన. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అని గట్టిగా మాట్లాడుకుంటే రోజుకు మూడు గంటలు, ఆరు రోజులకు పద్దెనిమిది. హద్దులోనే ఉన్నట్టు!

అన్నింటికన్నా పాతది, ఇప్పటికీ మేలైనది ట్యూషన్. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే బీఎస్సీ విద్యార్థికి డబ్బు వస్తుంది, తన పునాదీ గట్టిపడుతుంది. రేపు బీఈడీ చేసినా, పోటీ పరీక్ష రాసినా అదే అక్కరకొస్తుంది.

ఈ ప్రాంతం పిల్లలకు ఇంకో ఆస్తి ఉంది. కర్ణాటక సరిహద్దు కావడంతో తెలుగుతోపాటు కన్నడం కూడా చాలామంది నోట్లో ఆడుతుంది. కస్టమర్లతో రెండు భాషల్లో మాట్లాడే ఫోన్ ఉద్యోగాలకు, లేపాక్షికి వచ్చే బెంగళూరు పర్యాటకులతో నడిచే వ్యాపారాలకు ఇది పనికొస్తుంది. చాలామంది దీన్ని బయోడేటాలో కూడా రాయరు. ఇకనైనా రాయాలి.

పల్లెల నుంచి వచ్చే అమ్మాయిలకు 2025 ఆగస్టు 15న మొదలైన ఆర్టీసీ ఉచిత ప్రయాణం కొంత వెసులుబాటు. టికెట్ ఖర్చు తగ్గింది. ఆఖరి బస్సు వేళ మాత్రం చూసుకునే పని ఒప్పుకోవాలి.

చదువులోనే పని

పనీ చదువూ వేర్వేరు కానక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. దీన్ని ఎక్కడో ఒక సర్టిఫికెట్ సంపాదించి మమ అనిపించేస్తే పోయేది విద్యార్థి సొమ్మే. బీకాం విద్యార్థి ధర్మవరం చీరల దుకాణంలో జీఎస్టీ లెక్కలు చూసినా, బీఎస్సీ విద్యార్థి హిందూపురం మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరినా మార్కులూ వస్తాయి, అనుభవమూ వస్తుంది.

ఇంటి పరిస్థితి బాగోలేక పూర్తి జీతం తప్పనిసరైన పిల్లలూ ఉంటారు. వాళ్లు రెగ్యులర్ కాలేజీలో పేరు పెట్టుకుని హాజరు కోసం అగచాట్లు పడటం కన్నా దూరవిద్యలో చేరడం నిజాయతీ అయిన దారి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఇగ్నో వచ్చింది. పగలు పనిచేసేవారి కోసమే పుట్టిన చదువులివి. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ఈ పనులు వద్దు

'ఇంట్లో కూర్చుని టైప్ చేయండి, వేలు సంపాదించండి' అంటూ వచ్చే మెసేజీల్లో ముందుగా డిపాజిట్ అడిగారంటే అది మోసమే. పనిచేసేవాడు జీతం తీసుకుంటాడు గానీ ఎదురు కట్టడు! వీడియోలకు లైక్ కొడితే డబ్బులన్నదీ ఇదే తంతు. మొదట వందో రెండొందలో వేసి, ఆనక వేలు లాగుతారు. అన్నింటికన్నా ప్రమాదం బ్యాంకు ఖాతాను 'అద్దెకు' ఇవ్వడం. 'నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇచ్చేయ్, కమీషన్ నీది' అంటారు. ఆ సొమ్ము ఎవరినో మోసం చేసి లాగింది. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్లింటికే. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పెద్దలు అడగాల్సినవి మూడు

పిల్లవాడు పనికెళ్తానన్నప్పుడు కసురుకోవడమో, డబ్బొస్తోంది కదా అని ఊరుకోవడమో కాకుండా తల్లిదండ్రులు మూడే ప్రశ్నలు వేయాలి. వారానికి ఎన్ని గంటలు? పరీక్షలప్పుడు సెలవిస్తారా? ఈ పనిలో నేర్చుకునేది ఏమైనా ఉందా? మొదటి రెంటికీ సరైన జవాబు వస్తే పంపొచ్చు. మూడోదానికి కూడా వస్తే సంతోషంగా పంపొచ్చు. మొదటిదానికే నీళ్లు నమిలితే జీతం ఎంతైనా ఆపాల్సిందే.

కూటి కోసం కోటి విద్యలన్నారు. ఆ కోటిలో ఏదైనా నేర్చుకోవచ్చు. చేతిలో ఉన్న ఒక్క చదువునూ దానికి తాకట్టు పెట్టకుండా ఉంటే చాలు.