సముద్రము జేరు నీరు వ్యర్థమా?

"నదీజలము వృథాగా సముద్రము పాలగుచున్నది" యను మాట మన సభలలో తఱచుగా వినవచ్చుచున్నది. కఱవులచే నలిగిన మన సీమలో దీనికి కరతాళధ్వనులు మ్రోగుట సహజమే. పరిగి చెంత జయమంగళి పెన్నలో గలియు తావున ఎండిన యిసుకను జూచినవానికి, కృష్ణానది కడలిలో గలియుచున్నదని విన్నచో కడుపు మండకమానదు. అయినను ఆ మాటలో సత్యము సగమే గలదని మేము విన్నవించుచున్నాము.

ఆ నీరు కడలి జేరు చోట నొక యడవి గలదు. తీరవాసులు దానిని మడ యడవి యందురు. మంచినీరును ఉప్పునీరును గలియు బురదలో నది వర్ధిల్లును. గోదావరి మొగలో కోరంగివద్దను, కృష్ణ మొగలో దివిసీమ యంచునను ఇది విస్తరించియున్నది. 2021 నాటి అటవీ నివేదిక ప్రకారము మన రాష్ట్రమున దీని వైశాల్యము 405 చదరపు కిలోమీటర్లు. చేపపిల్లలకును రొయ్యపిల్లలకును అది పురిటిల్లు, బావురుపిల్లికి నెలవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వంటిదానిని ఏ యడవియు పూర్తిగా నాపజాలదు. కాని కెరటపు వడిని విఱుచుశక్తి మడచెట్ల వేళ్లకు గలదు.

ఈ యడవిని గొడ్డలి కొంత తినెను. రొయ్యల చెఱువులు కొంత తినెను. మూడవ శత్రువు కంటికి గానరాదు. ఎగువ నానకట్టలలో మంచినీరును ఒండ్రుమట్టియు నిలిచిపోగా, దిగువ బురదలో నుప్పు పేరుకొని మొక్క మొలవదు. కడలి యడవి యొకసారి చెడినచో తిరిగి నిలుపుట యెంత కష్టమో పరదేశములవారెఱుగుదురు. 2014 తరువాత ఉత్తర కాలిఫోర్నియా తీరమున నీరు వేడెక్కి, సముద్రపు ముళ్లజీవులు ప్రబలి, కెల్ప్ అను మహానాచు వనములు నూటికి తొంబది పాళ్లకు మించి నశించెను. మన మడ యడవి కింకను మార్గము గలదు. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, గ్రామస్థులును గూడి, చేపముల్లు రూపున కాలువలు త్రవ్వి, పోటునీటిని లోనికి రానిచ్చి, చవిటి నేలలలో మడను తిరిగి పెంచిరి. నీటి దారిని తెఱవక మొక్కలు నాటుట వట్టి యుత్సవమే యగును.

దీనితో మనకేమి పని యందురా? హంద్రీనీవా ద్వారా కృష్ణాజలము 2016లో పెనుకొండ దాపున గొల్లపల్లి జలాశయమునకు జేరెను. అది మన హక్కు. దానిని వదలుకొమ్మని మేము చెప్పుట లేదు. కాని నదినుండి నీరు గైకొనువారు నది తుదిని మఱువరాదు.

కావున మేము కోరునవి మూడు. జలముల పంపకపు లెక్కలో నదుల మొగలకును ఒక పద్దు వ్రాయవలెను. మడభూములలో క్రొత్త రొయ్యల చెఱువులు త్రవ్వనీయక, పాడువడినవానికి గండికొట్టి పోటునీటిని విడువవలెను. మనవంతుగా, పరిగి చెఱువు మొదలగువాని పూడిక తీసి, వచ్చిన నీటిలో చుక్కయైన చెడనీయకుండవలెను. ఇంటి నీటిని పాడుచేసికొనుచు, కడలి జేరు నీటిని వ్యర్థమనుట న్యాయము గాదు. రానున్న ఎన్నికల వేదికపై ఆ పాతమాట మరల వినవచ్చినప్పుడు, చప్పట్లు చఱచుటకు ముందు ఈ యడవిమాట యడుగుడని చదువరులను ప్రార్థించుచున్నాము.