అడగందే తగ్గించరు!

కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి కోసం పావుగంట బేరమాడే పెద్దమనిషి కూడా బైకు షోరూంలోకి అడుగుపెట్టగానే మెత్తబడిపోతాడు. చల్లటి ఏసీ, చేతికి కూల్‌డ్రింకు, నోరారా 'సార్' అనే పిలుపు... ఇక తగ్గించమని అడగడానికి నోరు రాదు!

ఈ తండ్రీ కొడుకుల సంగతే చూడండి. అబ్బాయికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. 125 సీసీ బండి నచ్చింది. నాన్న చీటీ పాడి తెచ్చిన 30 వేలు చేతిలో ఉన్నాయి, మిగతా 80 వేలు అప్పు. 'ఏమైనా తగ్గిస్తారా' అంటే సేల్స్‌మన్ నవ్వేశాడు. 'కంపెనీ రేటు సార్, పైసా తగ్గదు!'

అందులో సగం నిజమే. ఎక్స్‌షోరూం ధర కంపెనీది, లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది. వాటిమీద డీలరు చేయగలిగింది తక్కువ. కానీ కొటేషన్ కాగితంలో ఆ రెండే ఉండవుగా. ఒక్కో వరుసా చదివితే బేరం ఎక్కడ దాగుందో తెలుస్తుంది. హ్యాండ్లింగ్ ఛార్జీలు ప్రభుత్వానికి కట్టేవి కావు, షోరూం వేసుకునేవి. తీసేయమని అడగొచ్చు. సీటు కవరు, క్రాష్ గార్డు, కోటింగు లాంటివి ఇష్టమైతేనే తీసుకోవాలి. హెల్మెట్ 'గిఫ్టు' అంటే మురిసిపోనక్కర్లేదు. కొత్త ద్విచక్ర వాహనంతో పాటు దాన్ని ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది.

బీమా సంగతీ అంతే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2022లో ఖరారు చేసిన ప్రకారం 75 దాటి 150 సీసీ వరకు ఆ ప్రీమియం రూ.3,851, పన్ను అదనం. అది ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా అంతా సొంత బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలోనే. షోరూంలోనే బీమా తీసుకోవాలన్న నియమం లేదు. బయట ఎంతో కనుక్కుని వెళ్తే, అక్కడా దిగొస్తారు.

బేరానికి అదనూ ముఖ్యమే. దసరాకు జనం క్యూ కడుతుంటే ఎవరు తగ్గిస్తారు? ఆషాఢంలోనో, నెలాఖరులోనో వెళ్తే మాట చెల్లుతుంది. డిసెంబరులో తయారైన బండిని జనవరిలో కొంటే, రేపు అమ్మేటప్పుడు ఏడాది పాతదనే లెక్క. కాబట్టి దానికి గట్టిగా అడగొచ్చు. బీఎస్-3 బళ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని 2017 మార్చి 29న సుప్రీంకోర్టు చెప్పగానే, పైసా తగ్గదన్న షోరూంలే వేలకు వేలు తగ్గించాయి!

అసలు మెలిక చివర్లో ఉంటుంది. రెండు వేలు తగ్గించారన్న సంతోషంలో చాలామంది ఫైనాన్స్ కాగితాల మీద చూడకుండా సంతకం పెట్టేస్తారు. 'పది శాతమే' అన్నది ఫ్లాట్ వడ్డీ అయితే, 80 వేలకు మూడేళ్లలో కట్టే వడ్డీ 24 వేలు. అదే పది శాతం, తగ్గే అసలు మీద లెక్కిస్తే 13 వేల లోపే. అంటే రెండు వేలు జేబులో వేసి, పదకొండు వేలు తీసుకున్నట్టు!

ఆ తండ్రి ఇవన్నీ ఒక్కొక్కటే అడిగాడు. హ్యాండ్లింగ్ ఛార్జీ పోయింది, అక్కర్లేని యాక్సెసరీలు పోయాయి. జీతం పడే బ్యాంకులో అప్పు వడ్డీ ఎంతో కనుక్కుని రేపొస్తామని లేచాడు. 'ఇవన్నీ తెలుసని ముందే చెప్పొచ్చుగా సార్' అన్నాడు సేల్స్‌మన్.

'ఇవన్నీ తగ్గుతాయని నువ్వూ ముందే చెప్పొచ్చుగా బాబూ' అన్నాడాయన.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. షోరూం వాళ్లు మాత్రం ఎందుకు పెడతారు?