మొదటి తెర మీద తెలుగు
జహీరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపిస్తాయి. ఇక్కడి బడిలో లినక్స్ కంప్యూటర్ ఆన్ చేయగానే తెలుగు కనబడాలంటే దారి, తెలుగు అక్షరాలున్న నేపథ్య బొమ్మే. లినక్స్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ గ్రబ్ తన మెనూలో మన ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చలేదు మరి. బొమ్మ పెట్టాక మెనూ వెనక నలుపే కనిపిస్తే చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. తప్పు తరచుగా ఫైలులోనే ఉంటుంది. ప్రోగ్రెసివ్ జేపెగ్‌ను గ్రబ్ చదవలేదు. దాన్ని పీఎన్‌జీగా మార్చి, బూట్ ఫోల్డరులోని గ్రబ్‌లో పెట్టి, అప్‌డేట్-గ్రబ్ నడిపి చూడాలి. పాత గ్రబ్‌లోనైతే 640×480 కొలత, 14 రంగులే.

కొన్ని క్షణాల బొమ్మకు ఇంత శ్రమ ఎందుకనడం న్యాయమైన ప్రశ్నే. కానీ యంత్రం ఎలా మేలుకుంటుందో పిల్లలకు తెలిసేది ఆ శ్రమలోనే. కంప్యూటర్ పాడవుతుందన్న భయమూ అక్కర్లేదు: బొమ్మ రాకపోయినా మెనూ వస్తుంది. బడిలో లినక్స్ కొత్తేమీ కాదు: కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్‌తోనే నడుస్తున్నాయి. ఉపాధ్యాయులారా, ఒక్క యంత్రంతో మొదలుపెట్టండి.