దొరవారి సంతకానికి గడువు లేదట!

గవర్నరుకీ మంత్రులకీ కోర్టులో తగాదా వస్తే మాలపల్లెకేం, మాదిగగూడేనికేం? నందిగామ మీటింగులో ఒక పెద్దాయన మమ్మల్ని ఇదే అడిగాడు. "పెద్దోళ్ళు పెద్దోళ్ళు కొట్టుకుంటారు, కలుస్తారు. మన కూలి మనకి తప్పుద్దా?" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ ఆ తగాదా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. ఆ మాట కోర్టులకు కొత్తేమో గానీ మనకు కొత్త కాదు. తాతల నాటి నుంచి వింటూనే ఉన్నాం. "వీలైనంత త్వరగా!"

సంగతి చెప్తాం వినండి. మన జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు అవతల అడుగు పెడితే తెలంగాణ. అక్కడి అసెంబ్లీ పాస్ చేసిన పది బిల్లుల్ని అప్పటి గవర్నరు తమిళిసై సౌందరరాజన్ తేల్చడం లేదని 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. కొన్ని బిల్లులు 2022 సెప్టెంబరు నుంచీ పడి ఉన్నాయి. యూనివర్సిటీల్లో ఉద్యోగాలు నింపడానికి ఒకే బోర్డు పెట్టే బిల్లు వాటిలో ఒకటి. ఆ బోర్డు మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. పిహెచ్‌డి పట్టా చేతబట్టుకొని, రిజర్వేషను పోస్టు కోసం వయసు కరిగించుకుంటున్న మన పిల్లలకి అవుననో కాదనో చెప్పాలి గదా? 2023 ఏప్రిల్ 24న కోర్టు ఏం చేసింది? రాజ్యాంగం 200వ అధికరణంలో ఉన్న "వీలైనంత త్వరగా" అన్న మాటకు విలువుందని, గవర్నర్లు దాన్ని గుర్తుంచుకోవాలని రాసి కేసు మూసింది. ఎన్ని రోజులో మాత్రం చెప్పలేదు.

తర్వాత తమిళనాడు వంతు. అక్కడి గవర్నరు దగ్గర ఆగిన పది బిల్లుల్లో 2020 నాటివి కూడా ఉన్నాయి. 2025 ఏప్రిల్ 8న ఇద్దరు జడ్జీలు ఆ పదీ ఆమోదం పొందినట్టేనన్నారు. ఇకమీదట గవర్నర్లు నెలలోనో మూడు నెలల్లోనో తేల్చాలని గడువు కూడా పెట్టారు. వెంటనే మే నెలలో రాష్ట్రపతి పద్నాలుగు ప్రశ్నలు రాసి సుప్రీంకోర్టుకి పంపారు. 2025 నవంబరు 20న అయిదుగురు జడ్జీలు జవాబిచ్చారు. గవర్నరుకి కోర్టు గడువు పెట్టకూడదట. పడని సంతకం పడినట్టు అనుకోకూడదట. కారణం చెప్పకుండా అంతూపొంతూ లేకుండా జాగు చేస్తే "ఏదో ఒకటి తేల్చు" అని మాత్రం చెప్పవచ్చట.

ఆ బెంచికి పెద్ద జస్టిస్ గవాయ్. అంబేడ్కర్ బాటలో పెరిగినవాడు, మనవాడు. ఆ కుర్చీలో ఆయన్ని చూసి మేమూ పొంగిపోయినవాళ్ళమే. అయినా మనవాడు రాశాడని నోరు మూసుకోమని బాబాసాహెబ్ నేర్పలేదు. 1949లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఏం చెప్పాడు? గవర్నరు తనంతట తాను నడిపే పనులంటూ ఏమీ లేవన్నాడు. తెల్లదొరల 1935 చట్టంలో బిల్లుల విషయంలో గవర్నరుకి "తన విచక్షణ మేరకు" అన్న మాట ఉండేది. మన 200వ అధికరణంలో ఆ మాట లేదు. ఊరికే పోలేదు, చర్చించి తీసేశారు. తీసేసిన మాట ఇప్పుడు దొడ్డిదారిన ఇంట్లోకి వస్తోంది.

కాబట్టి మా మాట సూటిగా చెప్తున్నాం. ఓటు వేయించుకోని మనిషి, ఓట్లు పడ్డ సభని ఆపకూడదు. ఊళ్ళో దొర ఓటూ వాడలో కూలి ఓటూ ఒక్క లెక్కన తూగేది ఆ పెట్టె దగ్గరే. దాని విలువ తగ్గితే ముందు నష్టపోయేది మనమే.

అలాగని మంత్రులకు జేజేలు కొట్టం. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్టీఆర్‌ని దించేస్తే అప్పటి మన కృష్ణా జిల్లా భగ్గున మండింది. సెప్టెంబరు 16న ఆయన్ని మళ్ళీ కుర్చీ ఎక్కించారు. ప్రజాస్వామ్యం బతికిందన్నారు. ఏడాది తిరక్కముందే, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు దళితుల్ని నరికి చంపారు. బతికిన ప్రజాస్వామ్యం ఆ రోజు ఎక్కడుంది? సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు! 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇదీ మనకిచ్చిన "వీలైనంత త్వరగా".

మన ఆలస్యాన్ని మాత్రం ఎవరైనా క్షమించారా? మాలో చాలామందిమి ఇంటికి మొదటి డిగ్రీవాళ్ళం. కులం సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి, స్కాలర్‌షిప్ ఫారం ఒక్క రోజు లేటుగా తీసుకెళ్తే గుమస్తా మొహాన కొట్టాడు. "గడువు అంటే గడువే" అన్నాడు. కూలోడి కొడుక్కి తారీఖు, రాజభవన్‌కి తీరిక!

గవర్నరుకి గడువు కావాలని కోర్టుకెక్కే నాయకులారా, మీ గడువుల సంగతేంటి? అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నిబంధనలు తీసి చదవండి. ముఖ్యమంత్రి అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ ఏటా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కూర్చోవాలి. కలెక్టరు కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. పోలీసు దర్యాప్తు అరవై రోజుల్లో ముగియాలి. ఇవి ఏ కోర్టూ కొత్తగా పెట్టిన తారీఖులు కావు. కాగితం మీద ఉన్నవే. 2013 సబ్‌ప్లాన్ చట్టం చూడండి. దానికి గవర్నరు సంతకం వారాల్లోనే పడింది. పడి ఏమైంది? అందరికీ ఇచ్చే పథకాల్లో మన వాటా లెక్క రాసేసి చేతులు దులుపుకున్నారు. 2023లో పదేళ్ళ గడువు తీరితే మరో పదేళ్ళు పొడిగించారు. సంతకం పడకపోతే గవర్నరు దొంగ. సంతకం పడ్డాక ఎవరు దొంగ?

మన పని కోర్టు మెట్ల మీద లేదు, మన రెవెన్యూ డివిజనులోనే ఉంది. నందిగామ ఆర్డీవో ఆఫీసు ముందు నిలబడి అడుగుదాం. డివిజను కమిటీ కూడా మూడు నెలలకోసారి కూర్చోవాలి. చివరిసారి ఏ తారీఖున కూర్చుంది? మినిట్స్ ఏవి? అందులో మనవాళ్ళెవరు? సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్రతి వాడ నుంచి ఒక అర్జీ పెడదాం. నందిగామ రిజర్వుడు సీటు. ఓటడగడానికి ఎవరొచ్చినా, ఏ జెండాతో వచ్చినా, పథకాల పేర్లు వల్లించనివ్వొద్దు. ఒక్కటే అడగండి:

"వీలైనంత త్వరగా కాదు. తారీఖు చెప్పు!"