దానము చాలదు, పని నేర్పువారు కావలెను

ఏటేట ఉగాదినాడు మన సంఘ వేదికపై వికలాంగులకు వస్త్రములును, మూడు చక్రముల బండ్లును పంచి, ఛాయాచిత్రము తీయించుకొని యిండ్లకు పోవుట మనకు అలవాటైనది. దానము తప్పని మేము అనము. కాని మరునాటి ఉదయము ఆ యువకుడు ఎచటికి పోవలెను? ఈ ప్రశ్నను మన సభలలో ఎవరును అడుగుట లేదు.

“పని యిచ్చి చూచితిమి, పదిదినములైనను నిలువలేదు” అని మన వర్తకులు చెప్పుదురు. మేమును వర్తకులమే. కొత్త కుర్రవానికి ఒక్కసారి చెప్పి గల్లాపెట్టె కడకు పోవుట మన పద్ధతి. తక్కినది వాడు పదిమందిని చూచి నేర్చుకొనును. మందబుద్ధియని మనము తప్పుగా పిలుచు మేధోవైకల్యము గలవారికి ఆ పద్ధతి చాలదు. వారు నిలువకపోవుటకు కారణము నేర్పువారు లేకపోవుటయే.

అట్లు నేర్పువారిని జాబ్ కోచ్ అందురు. ముందు శిక్షణ, పిమ్మట ఉద్యోగము అనునది పాత పద్ధతి. ముందు పనిలో చేర్చి, ఆ పనిచోటనే నేర్పుట కోచ్ పద్ధతి. అమెరికాలో రూపొందిన యీ విధానమునకు 1986లో అచటి పునరావాస చట్టమున స్థానము లభించినది. జపాను దేశము 2002లో దీనిని చేపట్టినది.

పప్పు పొట్లములు కట్టు పనినే తీసికొందము. కోచ్ ముందుగా తానే వచ్చి ఆ పనిని గమనించును. సంచి విప్పుట, గిన్నెతో పోయుట, తూకము చూచుట, మూతి అంటించుట, చీటీ అతికించుట అని మెట్లుగా విడదీయును. తూకపు యంత్రముపై కనబడవలసిన అంకెను అట్టపై వ్రాసి ఎదుట పెట్టును. తొలి వారములలో ప్రక్కనే నిలుచును. పని పట్టువడిన కొలది దూరము జరుగును. ఆపై అప్పుడప్పుడు వచ్చి చూచును. యజమాని మారినను, పని మారినను మరల వచ్చి నిలుచును. ఉద్యోగము దొరకుట కంటె నిలుచుట కష్టము గనుక ఈ కడపటి సాయమే ముఖ్యము.

చెన్నపట్టణమున తరతరములుగా నున్న మనకు మరియొక చిక్కు గలదు. ఇంట కందిపప్పు, మినపపప్పు అని నేర్చిన బిడ్డకు అంగడిలో అవి తువరంపరుప్పు, ఉళుందు అగుచున్నవి. రెండు భాషలు తెలిసిన కోచ్ లేనిచో మాట తెలియకపోవుటను బుద్ధిలోపమని యజమాని తలచును. తెలుగు సంఘము చేయక ఈ పని మరెవరు చేయుదురు?

ప్రభుత్వము చూచుకొనునని కొందరి వాదము. 2016 నాటి చట్టము 21 వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగ ఖాళీలలో నూటికి 4 కేటాయించినది. మంచిదే. కాని మన బిడ్డలకు అందుబాటులో నున్నవి మన అంగళ్లే. అచటికి ఆ కేటాయింపు రాదు.

వ్యాపారము ధర్మసత్రము కాదని మరికొందరందురు. ఆ మాట మాకును సమ్మతమే. పని సరిగా జరుగవలెను, జరిగిన పనికి పూర్తి కూలి ముట్టవలెను. జాలిపడి సగము జీతమిచ్చి మూల కూర్చుండబెట్టుట ఇరువురకును అవమానము.

కావున రానున్న సర్వసభ్య సమావేశమున మేము ఈ తీర్మానమును ప్రతిపాదించుచున్నాము. ఉగాది పందిరికిని, విందులకును అగు వ్యయమును తగ్గించి, ఆ ధనముతో ఉభయభాషలు తెలిసిన ఒక్క కోచ్‌ను ఏడాదిపాటు నియమింపవలెను. ముట్టుకాడులో 2005లోను, సికింద్రాబాదులో 1984లోను స్థాపితమైన కేంద్రప్రభుత్వ జాతీయ సంస్థలను శిక్షణ విషయమై సలహా కోరవలెను. అంగడి గల సభ్యులు తాము ఇవ్వగల పనిని కార్యదర్శికి వ్రాసి యివ్వవలెను. మా అంగడి పేరు ఆ పట్టికలో మొదట వ్రాసికొనుడు. రెండవ పేరు ఎవరిదో సమావేశమున వినగోరుచున్నాము.