ఎమ్మెల్యే గారిని ఈసారి ఇది అడుగుదాం



పాలకొండ, కురుపాం, సాలూరు మూడూ మన ఎస్టీ సీట్లే. నాయకులు హాస్టల్‌కి వస్తే మనం అడిగేది అన్నం, దుప్పట్లు, బాత్రూమ్‌లు. అడగాల్సిందే. మనసు సంగతి మాత్రం మనమూ ఎత్తం, సిగ్గు.

విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదివిన 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఏటి చెప్పింది? 100 మందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని. చట్టం వచ్చేదాకా ఇదే చట్టం.

కానీ ఆ కౌన్సెలర్‌కి సవర రాకపోతే? ఇంటి బెంగ పరాయి మాటల్లో చెప్పుకోలేం కదా. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని అదే కోర్టు 2020లో కొట్టేసింది. మన మాట తెలిసిన మాస్టారే వస్తారన్న భరోసా అప్పుడే పోయింది. వందేళ్ళ కిందటే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నారు, ఇప్పటి ప్రభుత్వానికి అంత కష్టమా?

చదువు, మనసు, హక్కు మూడు అర్జీలు కావు, ఒకటే. మన హాస్టళ్ళలో కౌన్సెలర్లు ఎందరు, జీవో 3 బదులు చట్టం ఎప్పుడు అని అసెంబ్లీలో అడగమందాం.

అందాకా, ఎవరైనా ముభావంగా ఉంటే పక్కన కూర్చోండి. టెలి మానస్ 14416, డబ్బులు పడవు. గోడ మీద రాసి పెట్టండి.

జై ఆదివాసీ.